నేను లెక్కగట్టిన సుత్తిదెబ్బ

ఈమధ్య గాజుగ్లాసు పగిలిన చప్పుడు కావాలంటే గ్లాసు పగలగొట్టనక్కర్లేదట. గాజు మందమెంత, ఎంత ఎత్తునుంచి పడింది, కింద ఉన్నది రాతిగచ్చా చెక్కబల్లా అని చెబితే చాలు, కంప్యూటరే లెక్కవేసి ఆ చప్పుడు పుట్టిస్తుందట. మా వీధిలో ఒక అమ్మాయి అదే ఉద్యోగం చేస్తోంది. రేకు మీద వానచినుకులు, ఎండుటాకుల మీద నడక, గచ్చు మీద గొలుసు జారడం, అన్నీ వరసగా నాకు వినిపించింది. ఎక్కడా మైకు పెట్టలేదు, అన్నీ లెక్కల్లోంచి వచ్చినవే అంది. "నిజమైనవాటిలాగే లేవూ, అంకుల్?" అని అడిగింది. అచ్చం అలాగే ఉన్నాయన్నాను. కాఫీ పెడతానంటే వద్దని లేచి ఇంటికొచ్చేశాను. ముసలాడికి ఏం కోపమొచ్చిందో అనుకుని ఉంటుంది పాపం.

కోపం కాదు. ఆ పనే నేనూ ఒకప్పుడు చేశాను. ఆ అమ్మాయికి నోటితో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఉద్యోగాల్లో ఉన్న కుర్రకారు చదివితే సంతోషం. చదవకపోయినా నా గుండెబరువు కాస్త దిగుతుంది.

డెబ్బైల చివర్లో మాట. మాది గోదావరి జిల్లా. వాల్తేరులో భూమి లోపలి సంగతులు చదువుకుని, చమురు వెతికే సర్వే కంపెనీలో చేరి ఒమాన్ వెళ్ళాను. మా పని చెప్పుకోవడానికి పెద్ద శాస్త్రమేగానీ, చేసేది కొబ్బరికాయ కొనేముందు తట్టి చూసినట్టే. నేల మీద ఒక దెబ్బ వేస్తాం. ఆ చప్పుడు లోపలికి పోయి, పొరపొరకీ తగిలి, కొంత కొంత వెనక్కొస్తుంది. దాన్ని పట్టుకోవడానికి గుప్పిట్లో పట్టేంత చిన్న డబ్బాలుంటాయి, అడుగున మేకులాంటి ముల్లుతో. వాటిని వరసగా నేలలో గుచ్చి, తీగలన్నీ రికార్డింగ్ బండిలోకి లాగుతాం. నేల అదిరితే బండిలో కాగితం చుట్ట మీద గీతలు వంకర్లు పోతాయి. వాటికి జియోఫోన్లని పెద్ద పేరు. గుచ్చేవాళ్ళు మాత్రం మైకులనేవారు.

అందరూ చేసే పని అది. నాకు దానికి తోడు ఒక సొంత పిచ్చి ఉండేది. భూమిని తట్టకుండానే, కింద ఇంత గులకమట్టి, దాని కింద ఇంత సున్నపురాయి ఉందని చెబితే, సుత్తి వేస్తే ఎలాంటి గీత వస్తుందో ముందే కంప్యూటర్ చేత గీయించాలని. నెలకోసారి సముద్రపు ఒడ్డున ఉన్న ఆఫీసుకెళ్ళేవాణ్ణి. అక్కడ మన పెళ్ళివారి విడిదంత గదిలో, స్వెట్టర్ వేసుకుంటేగాని కూర్చోలేనంత చల్లదనంలో కంప్యూటర్ ఉండేది. లెక్కంతా అట్టకార్డుల మీద చిల్లులుగా పొడిపించి, ఆ చిల్లుల కార్డులు పెట్టెనిండా పట్టుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. ఒక్క కార్డు వరస తప్పితే ఆ రోజంతా వృథా. దాని ముందు నేను పడిన అవస్థ దేవుడి ముందు కూడా పడలేదు.

మొదట్లో వచ్చిన గీతలు మరీ శుభ్రంగా ఉండేవి. మా సర్వే జట్టు పెద్ద, పార్టీ చీఫ్ అంటారు, ఇంగ్లీషువాడు. అందరం చీఫ్ అనే పిలిచేవాళ్ళం. ఆయన నా కాగితం చూసి, "ఇంత శుభ్రమైన నేల స్వర్గంలో ఉంటుందేమోగానీ ఈ దేశంలో లేదు" అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. నేల మీద ఇనపపలక పెట్టి, పెద్ద సుత్తితో కొట్టించి, ఆ దెబ్బ తీరేమిటో కొలిచాను. అదే నా లెక్కలో మొదటి దెబ్బ. గులకమట్టిలో చప్పుడు ఎంత అరుగుతుందో లెక్కలో వేశాను. గాలి మైకుల్ని ఊపితే వచ్చే వణుకు విడిగా రికార్డు చేసి, దాన్నీ కలిపాను. ఒక శుక్రవారం రెండు కాగితాలు చీఫ్ ముందు పెట్టి, ఇందులో ఒకటి భూమి గీసింది, ఒకటి నేను గీయించింది, ఏదేదో చెప్పమని పందెం వేశాను. ఆయన అద్దాలు తుడుచుకుని, చాలాసేపు చూసి, నాది పట్టుకుని ఇది భూమి అన్నాడు.

ఇంకేం, నేను నేల మీద నడవలేదు. పందెం ఓడిన చీఫ్ క్యాంపంతటికీ కూల్‌డ్రింకులు పోయించాడు. ఎవరు దొరికితే వాళ్ళకి ఆ రెండు కాగితాలూ చూపించాను. మా మైకుల్ని చీమ నడిచినా వినే చెవులన్నాను. చీమ ఏ కాలు ముందు వేసిందో నా లెక్క చెబుతుందని కూడా అన్నాను. నవ్వుతూ అన్నదే, కానీ నమ్మి అన్నది.

మైకులు గుచ్చే లైనులో కరీంనగర్ జిల్లా మనిషి ఒకతను ఉండేవాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. చదువు లేదు, పని మాత్రం ముచ్చటగా ఉండేది. అతని బావ, అంటే అక్క మొగుడు, మా క్యాంపుకి పదిహేను కిలోమీటర్ల దూరంలో, నిజ్వా వైపు ఒక ఊళ్ళో ఫలజ్ మరమ్మతు చేసే కాంట్రాక్టరు దగ్గర ఉండేవాడు. ఫలజ్ అంటే కొండ అడుగునుంచి ఊరి తోటలదాకా నేల కింద తవ్విన నీటికాలువ. ఎప్పటి పెద్దలు తవ్వారో ఎవరికీ తెలియదు. ఇంతింత దూరానికో నిలువు బావి ఉంటుంది, అందులోంచి దిగి కాలువలో పూడిక తీస్తారు. ఆ బావగారు మన దగ్గర తాతలనాటినుంచీ బావులు తవ్వే ఇంటివాడు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. శుక్రవారాలు మా క్యాంపుకొచ్చి బావమరిదికి కోడికూర వండిపెట్టేవాడు. ఆ వాసనకి నేనూ పళ్ళెం పట్టుకుని చేరేవాణ్ణి.

నా రెండు కాగితాలూ ఆయనకీ చూపించాను. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"గీ గీతలు గీసేది భూమేనా సార్?" అన్నాడు.

"భూమే. రెండోది మాత్రం నేను గీయించింది."

"అంటె భూమి గూడ సదువుకున్నదన్నట్టు. నేనే సదువుకోలే" అని పెద్దగా నవ్వాడు. తర్వాత, "మేము బాయిల దిగినప్పుడు గూడ గిట్లనే సార్..." అని ఏదో చెప్పబోయాడు. నేను సాగనివ్వలేదు. అలల సంగతి, పొరల సంగతి నా ధోరణిలో చెప్పుకుపోయాను. ఆయన మర్యాదకి తలూపుతూ విని, నా పళ్ళెంలో మరో ముక్క వేశాడు.

తర్వాత రెండు వారాలకి కాబోలు, పొద్దున్నే ఆ కాంట్రాక్టరు పికప్ మా క్యాంపుకి వచ్చింది. కాసేపటికి మా లైనుమనిషి నా డేరాలోకి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"సార్, బావ మీద మన్ను గూలింది. ఫలజ్‌ల ఉన్నడు. పానంతోని ఉన్నడో లేడో తెల్వది. మీ మిషన్ తీస్కొని రాండ్రి సార్. చీమ నడిసినా ఇంటదంటిరి గద."

చీఫ్‌కి చెబితే ఒక్క ప్రశ్న వేయలేదు. ఆ రోజు సర్వే ఆపేసి రికార్డింగ్ బండి కదిలించాడు. దారిలో ఒళ్ళో నా కాగితాల ఫైలు పెట్టుకుని కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, భయంతోపాటు నాలో ఒక ఉత్సాహం కూడా ఉంది. నా లెక్కకి ఇలాంటి అక్కర ఒకటి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. మనిషిని కాపాడేస్తున్నానన్నట్టే కూర్చున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

అక్కడి పరిస్థితి ఇది. రెండు బావుల మధ్య నలభై అడుగుల కాలువ. ఆ పొడుగులో పైకప్పు రెండు చోట్ల కూలింది. ఒకటి ఎగువ బావి పక్కన, ఒకటి దిగువ బావి పక్కన. మనిషి రెండింటి మధ్యా ఉన్నాడు. ఏ చివర ఉన్నాడో తెలియదు. ఏదో ఒక బావిలోంచి పక్కకి తవ్వుకుంటూ పోవాలి. తవ్వేకొద్దీ కప్పు కూలకుండా దుంగలు ఆసరా పెట్టాలి. ఊరి ఖర్జూరపు తోటల్లోంచి తెచ్చిన దుంగలు ఒక వైపుకే సరిపోతాయి. లోపల గాలి ఎంతసేపుంటుందో ఎవరూ చెప్పలేరు. ఎటునుంచి తవ్వాలో నేను చెప్పాలి.

ఫలజ్ బాగోగులు చూసే ఊరి పెద్దాయన కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన అరబ్బీలో చెప్పేది మా డ్రైవరు హిందీలో చెప్పేవాడు. నేను అడిగింది ఒక్కటే, అందరినీ దూరంగా పంపమని. అడుగుల చప్పుడుకే మైకులు అదిరిపోతాయి. కాంట్రాక్టరు మనుషులు, ఊరివాళ్ళు, మా లైనువాళ్ళు, అందరూ మైకులు గుచ్చగానే మట్టిదిబ్బ అవతలికి వెళ్ళిపోయారు. బండిలో చీఫ్, నేను మిగిలాం.

కాగితం కదిలిందో లేదో గీతలన్నీ ఎగిరిపడ్డాయి. తల బయటపెట్టి చూస్తే మా లైనుమనిషి తిరిగొచ్చి, దిగువ బావి పక్కన బోర్లా పడుకుని ఉన్నాడు.

"ఎవరయ్యా అది? లే అక్కణ్ణుంచి! నీ అడుగులే పడుతున్నాయి ఇక్కడ!" అని అరిచాను.

"సార్, జర చెవి ఆనిచ్చి ఇంటా..."

"నీ చెవి కంటే ఆ మైకు వెయ్యి రెట్లు వింటుంది. నడు!"

లేచి, చేతులకంటిన మట్టి కూడా దులుపుకోకుండా దిబ్బ అవతలికి వెళ్ళిపోయాడు.

తర్వాత పదిహేను నిమిషాలు విన్నాం. రెండు రకాల గీతలు వచ్చాయి. దిగువ బావి వైపు మైకుల్లో మొద్దుబారిన ఉబ్బులు, మెల్లగా, ఒకసారి రెండు, ఒకసారి మూడు, మధ్యలో ఖాళీ. ఎగువ బావి వైపు సన్నగా, పదునుగా, ఇంచుమించు సమంగా ఒక టిక్కు. నేను ఫైలు తెరిచి, పది అడుగుల లోతులో రాతి మీద సుత్తి వేస్తే వస్తుందని గీయించిన కాగితం తీసి, ఎగువ గీత పక్కన పెట్టాను. కవల పిల్లల్లా ఉన్నాయి. అదే పదును, అదే తోక. సంతోషంతో రెండిటినీ చీఫ్ ముందుకి తోశాను.

"ఇదిగో, ఇక్కడున్నాడు. రాయి మీద కొడుతున్నాడు" అన్నాను.

చీఫ్ దిగువ వైపు ఉబ్బుల మీద వేలు పెట్టాడు. "మరి ఇదేమిటి?"

"తోటలో డీజిల్ పంపు. దూరం నుంచి వచ్చే యంత్రం మోత ఇలాగే మొద్దుగా ఉంటుంది."

"పంపు నడుస్తోందా ఇప్పుడు?"

"ఎప్పుడూ నడుస్తుంది" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. "నీకు నమ్మకమేనా?" అని మళ్ళీ అడిగాడు. కాగితాలు రెండూ ఒకదాని మీద ఒకటి వేసి, వెలుతురుకి ఎత్తి చూపించాను. ఎగువ బావిలోంచి తవ్వమని నేనే వెళ్ళి చెప్పాను.

ఎంత కష్టపడి తవ్వారో చెప్పలేను. కాంట్రాక్టరు మనుషులు వంతులవారీగా దిగారు. మా లైనువాళ్ళు గిలక లాగారు. మా లైనుమనిషి తన వంతు అయినా పైకి రానంటే, నడుముకి తాడుకట్టి లాగాల్సి వచ్చింది. నేను పైన నిలబడి, ఇంకాస్త, ఇంకాస్త అంటూ ఉన్నాను. మధ్యాహ్నం మూడు దాటాక లోపలినుంచి కేక వినబడింది. అందరం బావి మీదకి వంగాం. పైకి వచ్చింది ఒక ఇనప బకెట్టు. కూలిన మట్టి అవతల, కాలువ అడుగున బోల్తాపడి ఉందట. కప్పు పగుల్లోంచి గులకరాళ్ళు ఒక్కొక్కటే రాలి, దాని మీద పడుతున్నాయట. టిక్కు, టిక్కు. దాని వెనక, పైవాళ్ళకి తెలియకుండా కప్పు ఇంకోచోట కూలి, మళ్ళీ గట్టి మట్టే. మనిషి లేడు.

బండిలోకి పరుగెత్తి, మళ్ళీ అందరినీ ఆపించి, దిగువ వైపు మైకులు చూశాను. పొద్దుటి ఉబ్బులు లేవు. ఒక్కటి కూడా లేదు. కాగితం మీద గీతలన్నీ చక్కగా, సాపుగా పోతున్నాయి. పంపు ఆపేశారు కాబోలనుకుని, ఆ ఆశతోనే, ఊరి పెద్దాయన్ని అడగమని డ్రైవరుని పంపాను. వాడు తిరిగొచ్చి చెప్పాడు:

"పంపు సుబహ్ సే బంద్ హై, సాబ్." మనిషి భూమిలో ఉన్నప్పుడు చప్పుడు చేయకూడదని ఆయనే పొద్దున ఆపేశాడట.

ఆ పెద్దాయన పొద్దుట్నించీ పిలిస్తే పలికేంత దూరంలోనే ఉన్నాడు. ఒక్క మాట అడిగితే చెప్పేవాడు. చీఫ్ కనుక్కోమన్నట్టే నన్ను అడిగాడు కూడా. నేను అడగలేదు. ఎందుకంటే నా దగ్గర కాగితం ఉంది.

ఎగువ వైపు పెట్టిన దుంగలు ఒక్కొక్కటే ఊడదీసి, జాగ్రత్తగా దిగువకి మోసి, మళ్ళీ మొదలుపెట్టారు. తెల్లవారి ఎండ ఎక్కేసరికి మనిషి దొరికాడు. నలుగురు కూర్చునేంత ఖాళీ ఉందట లోపల. మీద మట్టి పడలేదు. గోడకి చేరగిలబడి కూర్చున్నట్టే ఉన్నాడట. గాలి అయిపోయింది.

పైకి తెచ్చి చాప మీద పడుకోబెట్టారు. మొహం మీద గాయం లేదు, చేతుల మీద లేదు. బావమరిది తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ, పాదాల దగ్గరకి వచ్చి ఆగిపోయాడు. రెండు మడమలూ చితికి, తోలు లేచిపోయి, ఇసక అంటుకుని ఎర్రగా ఉన్నాయి. నాకు అర్థం కాలేదు. "ఇదెలా తగిలింది?" అని అడిగాను. అతను తలెత్తలేదు. తుడుస్తూనే చెప్పాడు.

"మా తాన బాయిల మన్ను వడ్తె లోపటున్నోడు రాయిని కొట్టడు సార్. కొడితె గా అదురుకు ఉన్న మన్ను గూడ మీద వడ్తది. గడ్డపార పక్కకు వెట్టి మడిమెతోని నేల తంతడు. పైనున్నోళ్ళు చెవి ఆనిచ్చి ఇంటరు. శిన్నప్పటిసంది గదే పద్ధతి."

"మరి నాకు నిన్ననే ఎందుకు చెప్పలేదయ్యా?"

"నడు అంటిరి గద సార్" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు, అంతే.

నేను బండి వెనక్కి పోయి కూర్చున్నాను. ఏడుపొచ్చింది. గట్టిగా ఏడిస్తే అతనికి వినబడుతుందని నోట్లో చేతిరుమాలు కుక్కుకున్నాను.

దెబ్బ అంటే సుత్తిదెబ్బే అనుకున్నాను నేను. నేను కొలిచింది అదొక్కటే. మనిషి మడమ అనేది నా చిల్లుల కార్డుల్లో ఎక్కడా లేదు. అచ్చం అలాగే ఉన్న చప్పుడొకటి తయారుచేసి పెట్టుకున్నాక, ఇక దానికోసమే వింటూ కూర్చున్నాను. మీరిప్పుడు పుట్టించే చప్పుళ్ళు నా వాటికంటే వెయ్యి రెట్లు బాగుంటాయి, కాదనను. పుట్టించండి. కానీ నిజంగా చప్పుడు వచ్చినచోట అది మీ దగ్గరున్న దానికి సరిపోలేదని తోసెయ్యకండి, పక్కనున్నవాళ్ళని ఒక్కమాట అడగండి. నేనింతకంటే నీతులు చెప్పదగినవాణ్ణి కాను.

చీఫ్ తన రిపోర్టులో సంకేతాలు స్పష్టంగా లేవని రాశాడు. తప్పు నాదని రాయమన్నాను. "రాస్తే నిన్ను ఇంటికి పంపుతారు. అతను లేచి రాడు. నీ స్థానంలో ఎవరున్నా అదే చెప్పేవాళ్ళు" అన్నాడు. మంచివాడు, నన్ను కాపాడదామనే అన్నాడు. నేనూ కాపాడించుకున్నాను.

శవాన్ని ఇంటికి పంపడం ఆ రోజుల్లో అయ్యే పని కాదు. మస్కట్ తీసుకెళ్ళి అక్కడే దహనం చేశాం. మత్రా బజారులో కొట్టున్న మనదేశపు వ్యాపారి ఒకాయన, ముఖపరిచయం కూడా లేనివాడు, కట్టెలూ నెయ్యీ సమకూర్చి, చివరిదాకా మాతోపాటు నిలబడ్డాడు. తిరిగొచ్చిన మర్నాడు లైనుమనిషి ఎయిర్‌లెటరు ఒకటి పట్టుకుని నా డేరాకి వచ్చాడు. వాళ్ళ డేరాలో ఎవరికీ రాయడం రాదు. వాళ్ళ ఉత్తరాలు రాసిపెట్టేది నేనే.

కూర్చుని, "మిషన్ల ఏమన్న ఇనొచ్చిందా సార్?" అని అడిగాడు.

"లేదు" అన్నాను.

నా మొహంలోకి చూశాడు. ఎంతసేపు చూశాడో తెలియదు. నేనే తల తిప్పుకున్నాను.

"అయితె అక్కకు గట్లనే రాయుండ్రి. మన్ను వడంగనే పానం వోయింది, తక్లీబ్ ఏం గాలే అని రాయుండ్రి. కాళ్ళ సంగతి రాయకుండ్రి." నేను రాశాను. అతను కాస్త ఆలోచించి, "మా సారు పెద్ద మిషన్ దెచ్చి చానా ఎతికిండు అని గూడ రాయుండ్రి. అక్కకు జర ధైర్నం ఉంటది" అన్నాడు.

అదీ రాశాను. నా చేత్తో, నా గురించి, నా దస్తూరీలో. ఉత్తరం అంటించి ఇస్తే జేబులో పెట్టుకుని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

తర్వాతి నెల కంప్యూటర్ దగ్గరకి వెళ్ళేముందు, ఆ ఫలజ్ నేలలాంటి గులకనేల ఒకటి చూసుకుని, చెప్పులు విప్పి, నా మడమతో నేనే తన్నాను. ఆ దెబ్బ కొలిచి, సుత్తి బదులు దాన్ని కార్డుల్లో వేయించాను. గాలి ఎంత, లోతు ఎంత, ఏదీ మార్చలేదు. బయటికొచ్చిన కాగితాన్ని ఆ రోజు దిగువ వైపు వచ్చిన గీతల పక్కన పెట్టాను. ఉబ్బుకి ఉబ్బు కలిసింది. నా ఉద్యోగమంతటిలో అంత ఖచ్చితంగా కుదిరిన లెక్క మరొకటి లేదు. అక్కడి గుమస్తా చూసి, "బాగా వచ్చిందే!" అని మెచ్చుకున్నాడు. బాత్‌రూమ్‌లోకి పోయి కొళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో చాలాసేపు నిలబడ్డాను. ఆ కార్డుల పెట్టె మరి ముట్టుకోలేదు. మిగతా సర్వీసంతా మామూలు రికార్డులు చూసుకుంటూ గడిపేశాను. చురుకైనవాడు ఎందుకిలా అయిపోయాడని పై ఆఫీసర్లు ఆశ్చర్యపడేవారట.

నేను క్యాంపుకి తిరిగొచ్చేసరికి ఊరినుంచి జవాబు వచ్చి ఉంది. అతని అక్క చెబుతుంటే ఎవరో బళ్ళో చదివే పిల్లవాడు రాసినట్టున్నాడు, అక్షరాలు పెద్ద పెద్దవి. లైనుమనిషి నా ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నేను చదివాను. పదకొండోనాడు చుట్టాలంతా వచ్చారని, పెద్దపిల్లకి జ్వరం తగ్గిందని, నువ్వు మాత్రం ఇక బావుల్లోకి, సొరంగాల్లోకి దిగవద్దని, దిగనని ఉత్తరంలో ఒట్టేసి రాయమని. అతను ప్రతి మాటకీ తలూపుతున్నాడు. ఆఖర్న ఇంకో రెండు వాక్యాలున్నాయి. కళ్ళతో చదివాను. పైకి చదవలేదు.

"ఇంగేమన్న రాసిందా సార్?" అన్నాడు.

"అంతే" అని కాగితం మడిచి ఇచ్చేశాను.

అతను దాన్ని తన పెట్టెలో దాచుకున్నాడు. తర్వాత ఎవరిచేతనైనా చదివించుకున్నాడో లేదో నాకు తెలియదు. రెండేళ్ళు ఒకే క్యాంపులో ఉన్నాం, ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. నేను ఆ రోజు చదవకుండా మింగేసిన వాక్యాలు ఇవి. ఎవరికి చేరాల్సినవో వాళ్ళకి ఆలస్యంగానైనా చేరతాయని రాస్తున్నాను.

"తమ్మీ, మిషన్ దెచ్చిన సారుకు నా దండాలు జెప్పు. మీ బావ కోసం ఒక్క మనిషన్న చెవి వెట్టి ఇన్నడంటె నాకు గంతే సాలు."